సముద్రం బంజరు కాదు

పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడి గంట, బాజీబాబా దర్గాకు వచ్చేవారి సందడి ఒకేసారి వినపడే ఊళ్ళో మాట్లాడే అవకాశం రావడం నా భాగ్యం. ఎందరికో చదువు చెప్పిన మాష్టారి స్మారక సభలో ఆయన పేరు మీద మాట్లాడడం అంతకంటే పెద్ద బాధ్యత. ఆయన పాఠంలో తేలిక మాట ఉండేది కాదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఆయనకు సహించేది కాదు. ఆ రెండు నియమాలూ ఈ గంటసేపు పాటించడానికి ప్రయత్నిస్తాను.

నేను ఎంచుకున్న విషయం సముద్రంలో పెట్టబోయే గాలిమరలు, వాటివల్ల చేపలకు, పక్షులకు, తాబేళ్ళకు, వేట మీద బతికే మనుషులకు ఏం జరుగుతుందన్నది. మిరప, పత్తి పండే నల్లరేగడి నేల మీద నిలబడి సముద్రం గురించి ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. దానికి జవాబు ఈ ఊరి చుట్టూనే ఉంది. గుంటూరు యార్డుకు వచ్చే మిరప టిక్కీల్లో ధర కోసం ఆగేవన్నీ కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి ఉంటాయి. ఆ గదుల చల్లదనం కరెంటు మీద నిలబడింది. జిన్నింగు మిల్లులు, స్పిన్నింగు మిల్లులు, బోర్లు అన్నీ ఆ తీగెకే వేలాడుతున్నాయి. ఆ కరెంటులో పెద్ద భాగం ఇప్పటికీ బొగ్గు కాల్చి తెచ్చుకుంటున్నదే. బొగ్గు మానుకోవాలంటే ఎండను, గాలిని పట్టుకోవాలి. నేల మీద గాలి చాలనప్పుడు సముద్రం మీది గాలి కావాలి. ఆ గాలిమర తిరిగినప్పుడు వెలుగు మనకు వస్తుంది. దాని నీడ పడేది రెండు గంటల ప్రయాణం కూడా లేని సూర్యలంక, వాడరేవు, నిజాంపట్నం వంటి ఊళ్ళ మీద. కరెంటు వాడుకునే ఊరికి ఆ నీడ గురించి తెలుసుకోవలసిన బాధ్యత ఉందని నా నమ్మకం. అందుకే ఇక్కడ మాట్లాడుతున్నాను.

నేను గాలిమరలకు వ్యతిరేకిని కాను. సముద్రం వేడెక్కుతోంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన పదివేలమందికి పైగా ప్రాణాలు తీసింది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో మునిగిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. వేడెక్కిన సముద్రం తుఫానులకు మరింత బలమిస్తుంది. పొగ లేని కరెంటు అందరికంటే ముందు కావలసింది తీరంలో బతికేవాళ్ళకే. కనుక ప్రశ్న గాలిమర కావాలా వద్దా అన్నది కాదు. అది ఎక్కడ, ఏ నెలలో, ఎవరిని అడిగి, ఏం లెక్కపెట్టుకున్నాక అన్నదే ప్రశ్న.

ఇక్కడ మన భాషలో ఒక పాత మాటను గుర్తుచేస్తాను. బంజరు. రెవెన్యూ రికార్డుల్లో శిస్తు రాని నేలకు ఆ పేరు పెట్టారు. దానికి తోడు పోరంబోకు. ఎవరి పట్టాలోనూ లేనిది. కాగితం మీద ఆ మాట పడగానే ఆ నేల ఖాళీ అన్న అర్థం వచ్చేసింది. నిజానికి అది ఏనాడూ ఖాళీగా లేదు. ఒంగోలు గిత్తల మందలు అక్కడే మేసేవి. గొర్రెల కాపరులు ఏ వాన తర్వాత ఏ గడ్డి లేస్తుందో చూసుకుని తిరిగేవారు. బట్టమేక పిట్ట ఆ గడ్డి మైదానంలోనే నేల మీద గుడ్డు పెట్టేది. కర్నూలు ప్రాంతంలో రోళ్ళపాడు దగ్గర ఆ పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. క్రమంగా చుట్టూ గడ్డి నేల సేద్యంలోకి పోయింది. ఇవాళ అక్కడ ఆ పిట్ట కనపడటం గగనమైంది. రాజస్థాన్‌లో మిగిలినవి సోలారు, పవన విద్యుత్తును మోసే తీగెలకు తగిలి చస్తున్నాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీగెల్ని భూమిలో వెయ్యమంది. 2024 మార్చిలో ఆ తీర్పును సడలించి, పక్షినీ పునరుత్పాదక విద్యుత్తునూ తూచి చెప్పమని నిపుణుల కమిటీ వేసింది. రెండూ కావలసినవే కనుక కోర్టుకు కూడా అది తేలిగ్గా తెగలేదు. ఆ చిక్కుకు మూలం తీగె లాగక ముందే ఉంది. పటం మీద గడ్డి నేలను ఖాళీగా చూపించినప్పుడే అది మొదలైంది.

కొల్లేరు కథా అంతే. చిత్తడి కనుక పనికిరానిదని గట్లు కట్టి చెరువులు తవ్వారు. 1946లో పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఆ సరస్సుకు దగ్గరలోని ఆరేడులో గూడబాతుల మహా స్థావరాన్ని చూసి లోకానికి చెప్పారు. కొన్ని దశాబ్దాలకే ఆ స్థావరం లేకుండా పోయింది. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించి, 2006లో గట్లు పగలగొట్టవలసి వచ్చింది. ఆ పగలగొట్టడంలో నష్టపోయిన వాళ్ళలో పేద రైతులు, పేద పల్లెకారులు ఎంతమంది ఉన్నారో ఆ వైపు చుట్టరికాలున్న మీకు తెలుసు. ముందు చెయ్యవలసిన లెక్క తర్వాత చేస్తే దాని ధర ఎప్పుడూ పేదవాడి ఇంటికే వస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్ళి మన అన్నం దగ్గరే మొదలుపెడతాను. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చేసింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ గాయం మీద కట్టిన కట్టే కృష్ణ ఆనకట్ట. 1855 నాటికి బెజవాడ దగ్గర అది పూర్తయింది. దుగ్గిరాల, తెనాలి, బాపట్ల డెల్టా అంతా ఆ నీటి బిడ్డే. ఆనకట్ట వద్దనే మనిషి ఈ జిల్లాలో పుట్టడు. నేనూ అనను. కాని ఆ గోడకు రెండో వైపున ఒక చేప ఉంది. సముద్రంలో విలస, ఏరెక్కితే పులస. గుడ్లు పెట్టడానికి ఎదురేగి మంచినీళ్ళలోకి వస్తుంది. ఆనకట్ట దానికి మూసిన తలుపు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి మత్స్యశాస్త్రంలో పేరు తెచ్చుకున్న ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మా మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. ఆనకట్టలు ఎదురెక్కే చేపలకు అడ్డుపడుతున్నాయని, వాటికి దారి వదలాలని అందులో వాదించాడు. ఆ మాటకు అప్పుడు దక్కవలసిన విలువ దక్కలేదు. పులస పేరు చెబితే ఇవాళ అందరూ గోదావరినే తలుచుకుంటారు. కృష్ణకూ ఒకప్పుడు పులస ఉండేదని ఎంతమంది పిల్లలకు తెలుసు? ఆనకట్ట ఇచ్చిన మేలు పుస్తకాల్లో ఉంది. చేపకు జరిగిన నష్టానికి పద్దు లేదు. చేప దారి ఖర్చు ఆనకట్ట ఖర్చులో ఏపాటిది? కట్టేటప్పుడే ఆలోచించి ఉంటే రెండూ దక్కేవేమో.

ఇదే ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్న ఒక్క మాట. సముద్రాన్ని మరో బంజరుగా చూస్తే గడ్డి నేల దగ్గర, కొల్లేరు దగ్గర, ఆనకట్ట దగ్గర చేసిన తప్పునే ఉప్పునీళ్ళలో మళ్ళీ చేస్తాం. సముద్రం పూర్తిగా వాడకంలో ఉన్న జాగా. దానికి పట్టాలు లేవు, హక్కులు ఉన్నాయి. కంచెలు లేవు, హద్దులు ఉన్నాయి. ఆ హక్కులూ హద్దులూ కాగితం మీదికి ఎక్కాకే మొదటి స్తంభం దిగాలి.

సముద్రంలో గాలిమరల చరిత్ర పెద్దది కాదు. 1991లో డెన్మార్కు విండెబీ దగ్గర మొదటి సమూహం పెట్టింది. పదకొండు మరలు, అన్నీ కలిపి ఐదు మెగావాట్లు. 2017లో వాటిని విప్పేశారు. ఇవాళ ఒక్క మరే పదిహేను మెగావాట్లు ఇస్తోంది. మన దేశం 2015 అక్టోబరులో సముద్ర పవన విద్యుత్తు విధానం ప్రకటించింది. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ గుజరాత్, తమిళనాడు తీరాలను అనుకూలమైనవిగా గుర్తించి, ఆ రెండు చోట్లా కలిపి దాదాపు 70 గిగావాట్లకు వీలుందని అంచనా కట్టింది. 2017లో ఖంబాత్ సింధుశాఖలో గాలిని కొలిచే లైడార్ యంత్రం నిలిపారు. 2023 చివర్లో సముద్రపు అడుగును లీజుకిచ్చే నియమాలు వచ్చాయి. 2024 జూన్ 19న కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల సహాయ పథకానికి ఒప్పుకుంది. గుజరాత్ దగ్గర 500 మెగావాట్లు, తమిళనాడు దగ్గర 500 మెగావాట్లు. 2030 నాటికి 30 గిగావాట్లు అన్నది 2018లో చెప్పుకున్న లక్ష్యం. మొదటి వరుసలో ఆంధ్ర తీరం లేదు. అది మనకు దొరికిన వ్యవధి అని నేను అనుకుంటాను. అయితే ఆ రెండు తీరాల కథ మనది కాదనుకోవడం పొరపాటు.

తమిళనాడు వైపు గుర్తించిన జాగాలు మన్నారు సింధుశాఖలో ఉన్నాయి. రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య 21 దీవులతో 1986లో ఏర్పడిన సముద్ర జాతీయ పార్కు అక్కడిదే. పగడపు దిబ్బలు, వాటి మధ్య సముద్రపు గడ్డి, ఆ గడ్డి మేసే సముద్రపు ఆవు. ఆ జీవి కోసమే 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించారు. ధనుష్కోటి దగ్గర ఫ్లెమింగోల కోసం 2025 జూన్‌లో మరో అభయారణ్యం వచ్చింది. మన సూళ్ళూరుపేటలో ఏటా పండుగ చేసుకుని పులికాట్‌లో చూసి మురిసే జాతి పక్షే అది. రాష్ట్ర సరిహద్దు దాని రెక్కకు తెలియదు.

గుజరాత్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. సౌరాష్ట్ర తీరంలో వెరావల్ బోట్ల మీద పనిచేసే కళాసీల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు వేలమంది. తమ ఊళ్ళ దగ్గర జెట్టీ లేక, బోటు కొనే స్తోమత లేక, రెండో చివరనున్న సముద్రానికి వలస పోతారు. 2018 నవంబరులో పాకిస్తాను పట్టుకున్న ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద కాలుపెట్టారు. వాళ్ళలో పలువురిది ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం. అదే ఏడు లాక్‌డౌన్‌లో నాలుగు వేలమందికి పైగా గుజరాత్‌లో చిక్కుకుని బస్సుల్లో ఇళ్ళకు చేరారు. ఆ తీరంలో ఒక మేర వేటకు మూసేశారనుకుందాం. పరిహారం ఎవరికి వస్తుంది? రిజిస్ట్రేషను ఉన్న బోటు యజమానికి. బోటు నడిపించే తండేలు కింద పనిచేసే కళాసీ పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? వేట తగ్గితే అతనికి నోటీసు రాదు, ఆ ఏడు ఫోను రాదు, అంతే. మన ఊరి భాషలో చెప్పాలంటే, భూసేకరణలో పట్టాదారుకు డబ్బు వచ్చి, ఆ పొలంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన కౌలుదారు, కూలీ ఉత్త చేతులతో మిగలడమే. ఆ బాధ గుంటూరు జిల్లాకు కొత్తది కాదు.

మన తీరంలోనే ఇలాంటి అనుభవం ఒకటి ఉంది. కోనసీమ, యానాం ముందున్న సముద్రంలో సహజవాయువు కోసం బావులు తవ్వి గొట్టాలు వేశారు. వేట మేరలు చెదిరాయి. మత్స్యకారులు రోడ్డెక్కారు, ఏళ్ళ తరబడి తిరిగారు. 2022 మే 13న మురమళ్ళ సభలో 23 వేలకు పైగా కుటుంబాలకు 108 కోట్ల పరిహారం అందింది. అందడం మంచిదే. కాని గొట్టం వేసే ముందు ఏ ఊరివారు ఏ నెలలో ఎంత దూరం పోయి ఏం పట్టేవారో రాసి ఉంటే, ఎవరు బాధితులు ఎవరు కారు అన్న తగువుకు అంత కాలం పట్టేదా?

సముద్రంలో హద్దులున్నాయన్నాను. అవి ఎలా ఉంటాయో ఒకసారి దగ్గరగా చూశాను. ఓ ఫిబ్రవరి తెల్లవారుజామున బాపట్ల తీరంలో ఫైబర్ బోటు మీద ఒక పెద్దాయనతో వెళ్ళాను. బోటులో జీపీఎస్ ఉంది, అబ్బాయి చూస్తున్నాడు. పెద్దాయన దానివైపు చూడలేదు. ఒడ్డు వైపు తిరిగి ఒక తాటిచెట్టు మీదికి వెనకున్న మరో గుర్తు వచ్చేదాకా చేతితో సైగ చేస్తూ బోటు జరిపించాడు. "ఇక్కడ అడుగు గట్టిగా ఉంటుందయ్యా. అటు పది బారలు పోతే బురద. బురద మీద రొయ్య, గట్టి మీద చందువ" అన్నాడు. వల వేశారు. రెండు గంటల తర్వాత లాగితే కానాగంతలు, సావడాలు, నాలుగు చందువలు, చెయ్యంత వంజరం ఒకటి. ఆ వంజరాన్ని పక్కన పెట్టి, చేతివేళ్ళంత ఉన్న పిల్లచేపల్ని నీళ్ళలోకి తోసేశాడు. ఆయన తలలో ఉన్న పటం ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ లేదు. ఆ అడుగున ఏ బండ ఉందో, ఏ నెలలో ఏ చేప ఆ బండ పక్కకు వస్తుందో ఆయనకు తాత నుంచి వచ్చింది. గాలిమర పెట్టాలనుకునే ఇంజనీరుకూ కావలసింది ఆ గట్టి నేలే.

చట్టంలోనూ హద్దు ఉంది. మన రాష్ట్రంలో తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకు, ఆ పైన మరబోట్లకు. ఆ గీత మీదే నిత్యం తగువులు. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారుల మధ్య వలల రకం మీద వచ్చిన గొడవ కొట్లాట దాకా పోయింది. ఇప్పటికే ఇంత ఇరుకున్న చోట కొన్ని వందల చదరపు కిలోమీటర్లు మూసేస్తే ఏమవుతుంది? ఆ మేరలో తిరిగే మరబోట్లు ఖాళీగా కూర్చోవు. పక్కకు జరుగుతాయి. పక్కనున్నవాళ్ళు ఒడ్డుకు జరుగుతారు. చివరికి అలివి వల లాగే వాళ్ళ ముంగిట్లో ఆ ఒత్తిడి వచ్చి పడుతుంది. సముద్ర గర్భంలో వేసే కేబుళ్ళకు మరబోటు వల తగిలితే వలా పోతుంది, కేబులూ పోతుంది, ఒక్కోసారి బోటే బోర్లా పడుతుంది. అందుకే నెదర్లాండ్స్ లాంటి దేశాలు గాలిమరల మధ్య ట్రాలింగును నిషేధించాయి. అక్కడ బోట్లు తక్కువ. మన తీరంలో ఒక్క నిజాంపట్నం హార్బరులోనే బోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి.

జీవుల విషయానికి వస్తే అన్నిటికంటే ముందు చెప్పవలసింది చప్పుడు. మోనోపైల్ అనే ఉక్కు స్తంభాన్ని పెద్ద సుత్తెతో సముద్రపు అడుగులోకి వేల దెబ్బలతో దించుతారు. నీళ్ళలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది, ఎక్కువ దూరమూ పోతుంది. చెవే కన్నుగా బతికే డాల్ఫిన్లు, తిమింగలాలు ఆ చోటు వదిలి పారిపోతాయి. కడుపులో గాలితిత్తి ఉన్న చేపలకు దగ్గరి దెబ్బ ప్రాణాంతకం. దీనికి మందు ఉంది. జర్మనీలో స్తంభానికి 750 మీటర్ల దూరంలో శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదని నియమం పెట్టారు. దానికోసం స్తంభం చుట్టూ అడుగున రంధ్రాల గొట్టం పరిచి గాలి వదిలి బుడగల తెర కడతారు. ఆ తెర శబ్దాన్ని మింగుతుంది. నియమం ముందు వచ్చింది, సాధనం తర్వాత వచ్చింది. పరిశ్రమ తనంతట తాను కొనుక్కుని పెట్టుకున్నది కాదు.

అయినా ఒక చోటి అనుభవం మరో చోటికి పనికిరాదు. డెన్మార్కు నీస్టెడ్ దగ్గర మరలు కట్టేటప్పుడు పార్పాయిస్ అనే చిన్న తిమింగలాలు వెళ్ళిపోయి, పదేళ్ళకు కూడా మునుపటంత తిరిగి రాలేదు. నెదర్లాండ్స్‌లో ఎగ్‌మండ్ దగ్గర కట్టాక మరల మధ్యే అవి ఎక్కువగా కనపడ్డాయి. జీవి అదే, ఫలితాలు తలకిందులు. ఒక చోట అడుగున చేప పెరిగి ఉండవచ్చు, ఓడలు తిరగక నిశ్శబ్దం దొరికి ఉండవచ్చు. మరో చోట ముందే మెరుగైన మేత ఇంకెక్కడో ఉండి ఉండవచ్చు. ఐరోపా నివేదికలు తెచ్చి బంగాళాఖాతానికి అతికించడం శాస్త్రం కాదని ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది. కృష్ణ, గోదావరి తెచ్చి పోసే ఒండ్రు, మన వేడి, మన తుఫానులు, మన రొయ్య, మన తాబేలు ఉత్తర సముద్రంలో లేవు.

తాబేలు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట మన ఇసుక మీదికి వచ్చి గుడ్లు పెడతాయి. నాచుగుంట, హంసలదీవి వైపు కృష్ణ అభయారణ్యం ఒడ్డున, సూర్యలంక దగ్గర అటవీశాఖ ఆ గుడ్లు సేకరించి కంచె వేసి కాపాడుతోంది. యాభై రోజులు అటూ ఇటూగా ఇసుక కదిలి పిల్లలు పైకి వస్తాయి. అరచేతిలో సగం కూడా ఉండవు. చీకట్లో సముద్రం మీది సన్నటి వెలుతురును చూసి అటు నడుస్తాయి. ఒడ్డున దీపం వెలిగితే దానివైపు తిరిగి, ఇసుకలో ఎండి చస్తాయి. నేను చూసిన రాత్రి కాపలా కుర్రవాడు టార్చి ఆర్పేసి, తన సెల్‌ఫోను చొక్కా లోపల దాచుకున్నాడు. ఆ పిల్లలు తిన్నగా అలలోకి వెళ్ళాయి.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. మన తీరంలో స్తంభాలు దించడానికి సముద్రం ఎప్పుడు అనుకూలం? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానులు. జూన్ నుంచి నైరుతి. ఎక్కువగా శాంతంగా ఉండేది జనవరి నుంచి మే దాకానే. ఇంచుమించు అవే తాబేలు గుడ్లు పెట్టే నెలలు. వాటి చివర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి కనుక నిర్మాణానికి అదే మంచి సమయమని ఎవరికైనా తోచవచ్చు. ఆ నిషేధం బోట్ల విశ్రాంతి కోసం పెట్టింది కాదు, చేప గుడ్లు పెట్టుకోవడం కోసం పెట్టింది. మత్స్యకారుడు రెండు నెలలు పొయ్యి వెలిగించుకోవడానికి అప్పు చేసి ఆ చేపకు ఇచ్చిన వ్యవధిని, సుత్తె దెబ్బకు అప్పజెబితే అంతకంటే అన్యాయం లేదు. ఇంజనీరు శాంతకాలం, తాబేలు కాలం, చేప కాలం ఒకటే అయినప్పుడు ముగ్గురినీ కూర్చోబెట్టి నెలలు పంచవలసినది ప్రభుత్వం. ఆ పంపకం టెండరు పిలిచే ముందు జరగాలి. లీజు చేతికొచ్చి అప్పు తెచ్చిన కంపెనీకి ఒక్కో రోజుకు వడ్డీ పెరుగుతుంటుంది, ఆ దశలో ఎవరూ ఆగరు.

చట్టం ఈ విషయంలో ఇంకా నిద్రలోనే ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూలులో గాలిమరలు లేవు. పొగ రాదు కనుక వదిలేశారు. నేల మీది చిన్న మరలకు అది సరిపోయిందనుకున్నా, సముద్రానికి చాలదు. సముద్ర పవన విధానంలో ప్రభావ అధ్యయనం చెయ్యాలని ఉంది. కాని ఆ అధ్యయనం కంపెనీ డబ్బుతో కంపెనీ పిలిచినవాళ్ళు ఒకటి రెండు రుతువులు చూసి రాసేది కాకూడదు. మత్స్యశాఖ, అటవీశాఖ, విశ్వవిద్యాలయాలు, తీరపు ఊళ్ళు కలిసి కనీసం మూడు నాలుగేళ్ళు చూడాలి. ఒక ఏడు తుఫాను, మరో ఏడు కరువు, మరో ఏడు కవళ్ళు కుప్పలుగా పడతాయి. ఒక్క ఏడు చూసి సముద్రాన్ని చదివానన్నవాడు ఒక్క పంట చూసి నేలను చదివానన్నవాడి లాంటివాడు.

మత్స్యకారుణ్ణి ఇందులో వన్యప్రాణికి శత్రువుగా చూసే అలవాటు మనలో ఉంది. వలల్లో తాబేళ్ళు చనిపోతున్న మాట నిజమే. తాబేలు బయటపడే చట్రం వలకు అమర్చలేదని 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసిన మాటా నిజమే. అయినా వెరావల్ చూడండి. ఒకప్పుడు తిమింగల సొరను నూనె కోసం చంపిన ఊరు అది. 2001లో ఆ సొరకు చట్టరక్షణ వచ్చింది, 2004లో ప్రచారం మొదలైంది, వల కోసినందుకు పరిహారం ఇచ్చారు. ఆ తర్వాత వందల సొరల్ని వాళ్ళే వల కోసి వదిలారు. ఆ వల కోసిన చేతుల్లో మన శ్రీకాకుళం చేతులు లేవని ఎవరనగలరు? తన మాటకు విలువ ఉన్న చోట మత్స్యకారుడే సముద్రానికి మొదటి కాపలాదారు.

ఇక పక్షులు. ఈ మండలంలోనే ఉన్న ఉప్పలపాడు చెరువు సంగతి చెప్పకుండా మాష్టారిని తలుచుకోలేను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లు చాలక అటవీశాఖ నిలిపిన ఇనుప చట్రాల మీద కూడా గూళ్ళు కట్టాయి. పగలు వేడెక్కిన నేల మీద లేచే గాలిని పట్టుకుని రెక్క కదపకుండా పైకి పోయి, చేపల కోసం దూరం వెళ్ళి, సాయంత్రానికి దిగుతాయి. వాటిలాంటి బరువైన పక్షికి తిరిగే రెక్కను తప్పించుకునే చురుకు తక్కువ. డెన్మార్కులో రాడారు పెట్టి చూస్తే సముద్రపు బాతులు దాదాపు అన్నీ మరల సమూహాన్ని గుర్తించి పక్కకు తిరిగిపోయాయి. నార్వేలోని స్మోలాలో మాత్రం తెల్లతోక గద్దలు రెక్కలకు తగిలి చచ్చాయి. అక్కడ మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేసి చూస్తే చావులు డెబ్భై శాతం పైగా తగ్గాయని 2020లో తేలింది. వలస రాత్రుల్లో మరలు ఆపే పద్ధతిని నెదర్లాండ్స్ 2023 మేలో మొదటిసారి అమలుచేసింది. పక్షుల గుంపు వస్తోందని రెండు రోజుల ముందు అంచనా కట్టి, నాలుగు గంటలు మరల వేగం తగ్గించారు. ముప్పై దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస దారి మన తీరం మీదుగానే పోతుంది. ఏ రాత్రి, ఎంత ఎత్తున, ఎన్ని పోతాయో మన దగ్గర లెక్క తయారుగా ఉంటేనే ఆ నాలుగు గంటలు ఏవో తెలుస్తాయి. లెక్క లేని చోట ఆపమని ఎవరిని అడుగుతాం?

ఆ లెక్క ఎలా ఉండాలో నేను మాష్టారి దగ్గర చూశాను. ఆయన ఆదివారాలు సైకిలు మీద ఉప్పలపాడు వెళ్ళి చెరువు గట్టున కూర్చునేవారు. బడిలో మిగిలిన రూళ్ళ నోటుబుక్కుల్లో తేదీ, వేళ, గాలి దిక్కు, చెరువులో నీరు ఎంత, ఏ జాతి ఎన్ని, గూళ్ళు ఎన్ని అని రాసేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళకు పైగా రాశారు. నిన్న వారి ఇంట్లో ఆ పుస్తకాలు నాకు చూపించారు. అట్టలు చివికిపోయాయి, సిరా వెలిసిపోయింది, అంకెలు మాత్రం చదవడానికి వస్తున్నాయి. మన తీరంలో ఊరికొకటి ఇలాంటి పుస్తకం కావాలి. నిజాంపట్నంలో ఏ వలకు ఏం పడిందో, సూర్యలంకలో ఏ రాత్రి ఎన్ని తాబేళ్ళు ఎక్కాయో, ఏ పడవ ఎంత దూరం పోయిందో రాసి పెట్టిన పుస్తకం. దాన్ని రాసేవాళ్ళు ఆ ఊరి పిల్లలే కావాలి, వాళ్ళకు జీతం ఇవ్వాలి. మొదటి స్తంభానికి టెండరు పిలిచే రోజుకు ఆ పుస్తకాలకు నాలుగేళ్ళ వయసన్నా ఉండాలి.

మాష్టారు రాసిన ఆఖరి పేజీ ఒక జనవరి ఆదివారానిది. అందులో అంకెలు లేవు. తేదీ కింద ఒకే పంక్తి ఉంది: "మంచు విపరీతం. గట్టు అవతల కనపడలేదు. అంచనా వెయ్యను. వచ్చే వారం చూడాలి."